టెయిలింగ్ పాండ్‌లో పూడిక తీయవచ్చా? రాయలసీమ గనుల వ్యర్థాల చెరువులపై ఒక వివరణ

వేసవి వస్తే రాయలసీమ పల్లెల్లో చెరువుల పూడికతీత పనులు మొదలవుతాయి. తోడిన ఒండ్రు ట్రాక్టర్లలో పొలాలకు చేరుతుంది. చెరువులో నీటికి చోటు పెరుగుతుంది, చేనికి సత్తువ వస్తుంది. ఇది తరతరాలుగా చూస్తున్న పని కాబట్టే, కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం టెయిలింగ్ పాండ్, అంటే బురద వ్యర్థాలను నిల్వ చేసే చెరువు, గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. పాండ్ నిండిపోతూ ఉంటే అందులోనూ పూడిక తీసేయవచ్చు కదా, కట్ట ఎత్తు పెంచడం, మరో పాండ్‌కు భూమి వెతకడం దేనికి? కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారు గని పనుల గురించి చర్చ జరిగినా, బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల బురద గురించి ఫిర్యాదులు వచ్చినా ఇదే ప్రశ్న మరో రూపంలో వినిపిస్తుంది.

ప్రశ్న న్యాయమైనదే, కానీ దానికి అన్ని చోట్లా ఒకే జవాబు లేదు. ఊరి చెరువులో మనకు కావలసింది నీరు, అడ్డు వచ్చేది బురద. టెయిలింగ్ పాండ్‌లో భద్రంగా దాచవలసింది బురద, దాన్ని ప్రమాదకరంగా మార్చేది నీరు. ఈ తేడా పట్టుకుంటే మిగిలిన చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

టన్ను రాయిలో అర కిలో కూడా లేని ఖనిజం

గని నుంచి తెచ్చిన రాయిని మెత్తగా పొడిచేసి, నీళ్లూ రసాయనాలూ కలిపి, కావలసిన లోహాన్ని వేరుచేసిన తర్వాత మిగిలే సన్నని బురదను టెయిలింగ్స్ అంటారు. గని తవ్వేటప్పుడు పైనుంచి తీసి పక్కన గుట్టలుగా పోసే రాయి, మట్టి వేరు. అవి మిల్లులోకి వెళ్లవు, రసాయనాలను తాకవు. మన ప్రాంతంలో వ్యర్థాల గురించి జరిగే వాదనల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతుంటాయి.

తుమ్మలపల్లె కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ప్రారంభమైంది. రోజుకు 3,000 టన్నుల ముడిఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యంతో దీన్ని కట్టారు. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతికి చెందిన డోలోమైట్ రాతిలో ఉంది. ఆమ్లం వాడితే రాయే దాన్ని తాగేస్తుంది కాబట్టి సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో, అంటే క్షార పద్ధతిలో, అధిక పీడనం కింద యురేనియాన్ని కరిగిస్తారు. టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. కనుక మిల్లులోకి ఎంత రాయి వెళ్లిందో దాదాపు అంతా బురదగా బయటికి వస్తుంది.

దీని పరిమాణం ఎంతో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. రోజుకు 3,000 టన్నుల చొప్పున ఏడాదికి 300 రోజులు మిల్లు నడిస్తే 9 లక్షల టన్నుల టెయిలింగ్స్ వస్తాయి. పాండ్‌లో పేరుకున్నాక ఒక ఘనపు మీటరులో సుమారు 1.3 టన్నుల పొడి పదార్థం పడుతుందనుకుంటే, వాటికి దాదాపు 7 లక్షల ఘనపు మీటర్ల చోటు కావాలి. పాండ్ వైశాల్యం 50 హెక్టార్లయితే మట్టం ఏటా 1.4 మీటర్లు పెరుగుతుంది. మిల్లు నడిచినంత కాలం పాండ్ నిండుతూనే ఉంటుంది. ఊరి చెరువు పూడిపోవడానికి దశాబ్దాలు పడితే ఇక్కడ ఆ పని ప్రతిరోజూ, ఉద్దేశపూర్వకంగా జరుగుతుంది. పూడిక అంటే ఇక్కడ నిర్వహణ లోపం కాదని గుర్తించాలి. పాండ్ కట్టిందే దానికోసం.

కట్ట, తీరం, మడుగు

చిక్కటి బురద పైపుల ద్వారా వచ్చి కట్ట అంచు వెంబడి పాండ్‌లో పడుతుంది. బరువైన ముతక రేణువులు కట్ట దగ్గరే ఆగి, క్రమంగా ఆరి, వాలుగా ఒక తీరం ఏర్పడుతుంది. సన్నని రేణువులు నీటితోపాటు దూరంగా వెళ్లి నెమ్మదిగా అడుగున చేరతాయి, పైన తేటనీరు మడుగు కడుతుంది. ఆ తేటనీటిని తూములాంటి నిర్మాణం ద్వారా గానీ తెప్పమీది పంపుతో గానీ తీసి, మళ్లీ మిల్లుకు పంపుతారు.

ఈ అమరికలో ఒక సూత్రం దాగి ఉంది. మడుగు కట్టకు ఎంత దూరంగా ఉంటే కట్ట అంత పొడిగా, గట్టిగా ఉంటుంది. నీరు కట్టను ఆనుకుని నిలిస్తే మట్టిలోకి ఊట దిగి, కట్ట లోపలి నీటి మట్టం పైకి లేస్తుంది. ఆ మట్టాన్ని కనిపెట్టడానికే కట్టలో సన్నని గొట్టాలు దింపుతారు, వాటిని పీజోమీటర్లంటారు. కట్ట బయటి పాదం వద్ద ఊటనీటిని పట్టే కాలువ ఉంటుంది. చుట్టుపక్కల మెరక నుంచి వచ్చే వాన నీరు పాండ్‌లోకి రాకుండా పక్కకు మళ్లించే కాలువ మరొకటి, దాన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు. నీటి మట్టానికీ కట్ట పైఅంచుకూ మధ్య ఎప్పుడూ ఖాళీగా ఉంచవలసిన ఎత్తు ఫ్రీబోర్డు.

అన్ని బురదలూ ఒకటి కావు

బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతాల్లో నాపరాళ్లను కోసి, నునుపు పెట్టే ఫ్యాక్టరీలున్నాయి. పాలిష్ యంత్రం కింద నుంచి కారే నీరు సున్నపు రంగులో కాలువగుండా వెళ్లి వరుసగా ఉన్న తొట్లలోకి చేరుతుంది. మొదటి తొట్టిలో రాతిపొడి అడుగుకు చేరుతుంది, చివరి తొట్టిలోని నీరు తిరిగి యంత్రానికి వెళుతుంది. రెండు మూడు వారాలు వదిలేసిన తొట్టిలో పైన ఎండి బీటలువారిన పెచ్చు కనబడుతుంది. దాన్ని నమ్మి కాలు పెడితే కింద మీగడ కట్టని పెరుగులాంటి బురదలోకి మోకాలిదాకా దిగిపోతుంది. ఇక్కడ పూడిక తీయడం తప్పనిసరి పని. తొట్టి నిండితే నీరు తేటపడకుండానే బయటికి పొర్లి పక్క వాగులో కలుస్తుంది. జేసీబీతో తోడిన బురదలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాతి పొడి. సమస్య ఆ పదార్థంలోని విషం వల్ల రాదు, దాన్ని రోడ్డు పక్కన పారబోయడం వల్ల వస్తుంది. ఎండాక గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, పొలంలో పడితే నేల పైపొర బిగుసుకుని నీరు ఇంకనివ్వదు. ఇటుకల్లో, సిమెంటు ముడిసరుకులో వాడే మార్గాలు ఉన్నాయి. చుట్టూ సిమెంటు కర్మాగారాలున్న ప్రాంతంలో ఈ బురద గుట్టలుగా మిగలడానికి ముఖ్యమైన అడ్డంకి రవాణా ఖర్చు, తడి.

బంగారు గని బురద ఇంకో తరహా. రాయిని పొడిచేసి సయనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగిస్తారు. సయనైడ్ ఎండకూ గాలికీ క్రమంగా విచ్ఛిన్నమవుతుంది గానీ, రాతిలో గంధకం, ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలుంటే అవి దశాబ్దాల తర్వాత కూడా వానకు స్పందిస్తూనే ఉంటాయి. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడ్డాక కోలార్‌లో మిగిలిన టెయిలింగ్ గుట్టలను స్థానికులు సయనైడ్ దిబ్బలనే పిలుస్తారు. వాటిలో కొద్దిపాటి బంగారం మిగిలి ఉండడంతో, తిరిగి తవ్వి తీయవచ్చన్న ఆలోచన ఏళ్లుగా నలుగుతోంది. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ చుట్టూ ఉన్న పాత గుట్టలను బలమైన నీటి ధారలతో కోసి, బురదగా మార్చి, మళ్లీ శుద్ధి చేయడం ఒక పరిశ్రమగా సాగుతోంది. అనంతపురం ప్రాంతంలోని రామగిరి పాత గనుల గురించి మాట్లాడేవారు ఈ ఉదాహరణలనే ప్రస్తావిస్తుంటారు.

యురేనియం బురద విషయం పూర్తిగా వేరు. యురేనియాన్ని తీసేసినా, దాని నుంచి పుట్టిన థోరియం-230, రేడియం-226 వంటి మూలకాలు బురదలోనే ఉండిపోతాయి. మొదటి ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం టెయిలింగ్స్‌లో మిగులుతుందని అంచనా. రేడియం అర్ధాయుష్షు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 1,600 ఏళ్లు, థోరియం-230ది సుమారు 75,000 ఏళ్లు. బురద తడిగా ఉన్నంతవరకు ధూళి లేవదు, రేడియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు రేడాన్ విడుదల తక్కువగా ఉంటుంది. దాన్ని తోడి, ఆరబెట్టి, లారీలకెత్తితే రెండూ పెరుగుతాయి. పాలిష్ తొట్టిలో మంచిదైన పని ఇక్కడ ప్రమాదకరం అయ్యేది ఇందుకే.

డ్రెడ్జింగ్ చేస్తే ఏం జరుగుతుంది

టెయిలింగ్ పాండ్ నుంచి బురద తీయడానికి మూడు పద్ధతులున్నాయి. నీరున్న చోట పడవలాంటి తేలే వేదిక మీద కత్తుల తలతో తిరిగే డ్రెడ్జర్ అడుగును కోసి, పంపుతో పీలుస్తుంది. ఆరిన చోట పొక్లెయినర్లతో తవ్వుతారు. గట్టిపడిన గుట్టలైతే పైన చెప్పిన నీటి ధారలు వాడతారు.

పీల్చే పద్ధతికి నీరు చాలా కావాలి. పైపులో పారాలంటే బరువులో సుమారు 20 శాతం మాత్రమే ఘనపదార్థం ఉండాలనుకుందాం. ఆ లెక్కన 1 లక్ష టన్నుల బురద కదిలించడానికి 4 లక్షల టన్నుల నీరు, అంటే 4 లక్షల ఘనపు మీటర్లు దానితోపాటు వెళ్లాలి. ఆ మిశ్రమం చేరే చోట కూడా కట్ట, అడుగు పొర, తేటనీటి మళ్లింపు అన్నీ సిద్ధంగా ఉండాలి. అంటే పూడిక తీయడానికి ముందే ఇంకో పాండ్ కావాలి. కొత్త పాండ్ అక్కర్లేకుండా చేసే ఉపాయంగా డ్రెడ్జింగ్‌ను చూపేవారు ఈ మెట్టును దాటేస్తున్నారు.

తవ్వే పద్ధతిలో చిక్కులు వేరు. పాండ్ అడుగున బంకమట్టి, ప్లాస్టిక్ పొర పరిచి ఉంటే పొక్లెయినర్ బకెట్ పంటి గీత ఒక్కటి చాలు, దాన్ని చీల్చడానికి. పైన మందమైన బురద ఉండగా ఆ చీలిక ఎవరి కంటికీ కనబడదు. కట్టకు ఆనుకుని తవ్వితే కట్టకు లోపలి ఆసరా పోయి జారిపోవచ్చు. అన్నిటికన్నా భయపడవలసింది నీటితో నిండిన సన్నని, వదులైన బురద ఉన్నట్టుండి బలం కోల్పోయి ద్రవంలా ప్రవహించడం. బ్రెజిల్‌లోని బ్రుమాదీన్యోలో 2019 జనవరి 25న తెగిన కట్ట కథ ఇదే. ఆ పాండ్‌లోకి 2016 నుంచే కొత్త బురద పోయడం ఆపేశారు, పైన గడ్డి మొలిచి ఉంది. అయినా లోపల నీరు మిగిలిపోయింది. 270 మంది చనిపోయారు. కట్టను విడతలవారీగా లోపలివైపుకు, అంటే ఆరిన బురద మీదికే, పెంచుతూ వెళ్లే చౌకైన పద్ధతిలో కట్టిన పాండ్ అది. ఆ తర్వాత బ్రెజిల్ ఆ పద్ధతిని నిషేధించింది.

తీయగూడదని దీని అర్థం కాదు. పాత పాండ్‌లో విలువైన లోహం ఉన్నప్పుడు, కట్ట బలహీనమై బురదను భద్రమైన చోటికి మార్చక తప్పనప్పుడు, అడుగు పొర విఫలమైనప్పుడు తీయడమే మేలు. అయితే అప్పుడు కూడా ముందుగా పైనీరు తీసివేసి, బురదలోని నీటిని నెలల తరబడి దించి, కట్ట కదలికలను కొలుస్తూ, ఎదుటి వైపు నుంచి కట్ట వైపుకు పొరలు పొరలుగా తీస్తారు.

అసలు పూడిక తీయవలసిన చోట్లు

పాండ్ లోపలి బురద గురించి ఎంత చర్చ జరిగినా, నిర్వహణలో ఏటా తప్పక పూడిక తీయవలసిన చోట్లు పాండ్ బయట ఉన్నాయి. గార్లాండ్ డ్రెయిన్, ఊట కాలువ, తేటనీటి తూము గొట్టం. ఎవరి దృష్టికీ రాని పని కాబట్టే దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

రాయలసీమలో ఏడాది వర్షపాతం తక్కువ, ఆవిరయ్యే నీరు అంతకంటే చాలా ఎక్కువ. ఈ కారణంతో ఇక్కడి పాండ్‌లను బయటికి చుక్క నీరు వదలని పద్ధతిలో రూపొందిస్తారు. సగటు లెక్కలో ఇది సరిపోతుంది. కానీ మన వానలు సగటున పడవు, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వస్తే రెండు రోజుల్లో కుమ్మరిస్తాయి.

మళ్లీ 50 హెక్టార్ల ఊహాత్మక పాండ్‌నే తీసుకుందాం. ఒక రోజులో 150 మి.మీ. వాన పడితే నేరుగా పాండ్‌లో పడే నీరు 75,000 ఘనపు మీటర్లు. చుట్టూ 100 హెక్టార్ల మెరక ఉండి, అక్కడి వానలో సగం పారి వస్తుందనుకుంటే మరో 75,000 ఘనపు మీటర్లు. గార్లాండ్ డ్రెయిన్ శుభ్రంగా ఉంటే ఈ రెండో వాటా పక్కనుంచి వాగులోకి పోతుంది. చిల్లచెట్లు, రాళ్లు, మట్టితో పూడిపోయి ఉంటే మొత్తం 1.5 లక్షల ఘనపు మీటర్లు పాండ్‌లోకి వస్తుంది. అందులో బురద తీరం పోను నీరు నిలిచే చోటు 20 హెక్టార్లే అయితే మట్టం 75 సెంటీమీటర్లు లేస్తుంది. మీటరు ఫ్రీబోర్డు ఉన్న కట్టకు మిగిలేది 25 సెంటీమీటర్లు, దానిమీద గాలికి లేచే అలలు. కాలువ బాగుంటే పెరుగుదల అందులో సగమే. ఒక్క కాలువ పూడికకు ఇంత తేడా ఉంది.

మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే ఏమవుతుందో కడప జిల్లా వాసులకు చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19న పైనున్న పింఛా జలాశయం నుంచి వరద ఒక్కసారిగా వచ్చి, చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లె వంటి ఊళ్లు ఇళ్లనూ మనుషులనూ కోల్పోయాయి. అది నీటి జలాశయం. టెయిలింగ్ పాండ్‌లో ఇదే జరిగితే నీటి వెంట బురద కూడా వస్తుంది. దక్షిణాఫ్రికాలోని మెరీస్‌ప్రూట్‌లో 1994 ఫిబ్రవరి 22 రాత్రి ఒక ఉరుముల వానకు తగినంత ఫ్రీబోర్డు లేని బంగారు టెయిలింగ్ పాండ్ తెగి, కిందనున్న కాలనీ మీద పడింది. 17 మంది చనిపోయారు.

ఊట కాలువ దగ్గర చూడవలసింది మరింత సూక్ష్మం. కట్ట పాదం వద్ద కొంత ఊట ఉండడం సాధారణమే. ఆ నీరు తేటగా, ఏడాది పొడవునా దాదాపు ఒకే వేగంతో వస్తుంటే కట్ట తన పని తాను చేస్తున్నట్టు. వాన లేని రోజున ఊట పెరిగినా, నీరు బురద రంగుకు మారినా లోపల మట్టి కొట్టుకుపోతూ బుంగ పడుతోందని అర్థం. కాలువ పూడిపోయి గడ్డిలో నీరు మరుగున ఉంటే ఈ మార్పు ఎవరికీ తెలియదు. ఊటను కొలవడానికి కాలువలో ఆంగ్ల వీ అక్షరంలా కోసిన రేకు నిలబెట్టి, దానిమీదుగా పారే నీటి ఎత్తును రాసుకుంటారు. పరికరం ఇంత చిన్నది, కానీ కట్ట ఆరోగ్యం గురించి ముందుగా కబురు చెప్పేది అదే.

అడుగునుంచి దిగే నీరు: తుమ్మలపల్లె వాదన

కట్ట తెగడం అరుదైన ప్రమాదం. అడుగు నుంచి ఊట దిగడం నెమ్మదైన ప్రమాదం, తుమ్మలపల్లెలో వివాదం దీని గురించే. మబ్బుచింతలపల్లె, కె.కె.కొట్టాల, కనంపల్లె తదితర గ్రామాల రైతులు బోర్ల నీరు మారిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, చర్మ సమస్యలు వస్తున్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో కర్మాగారానికి నోటీసులు ఇచ్చింది. పాండ్ అడుగున బంకమట్టి, పాలిథీన్ పొరలు అనుమతి షరతుల ప్రకారం ఉన్నాయా లేదా అన్నది వాదనలో కీలకమైంది. నిబంధనల ప్రకారమే పాండ్ నిర్మించామని, ఆ ప్రాంతపు రాతిలోనే యురేనియం ఉన్నందున భూగర్భ జలాల్లో అది సహజంగా కనబడుతుందని కర్మాగారాన్ని నడిపే యురేనియం కార్పొరేషన్ వాదన.

రెండు వాదనల్లోనూ విజ్ఞానపరంగా నిలిచే అంశాలున్నాయి. యురేనియం గని ఉన్న నేల కాబట్టి అక్కడి బావుల్లో గని రాకముందు కూడా కొంత యురేనియం ఉండి ఉండవచ్చన్నది నిజమే. కేవలం యురేనియం సంఖ్య చూసి పాండ్ కారుతోందని చెప్పలేం. అలాగే యురేనియం పరిమితిలోనే ఉందని చూపి పాండ్ కారడం లేదని కూడా చెప్పలేం. ఎందుకంటే అక్కడి పద్ధతిలో వాడేది సోడియం కార్బొనేట్. పాండ్ నీటిలో అన్నిటికన్నా ఎక్కువగా, అన్నిటికన్నా వేగంగా ప్రయాణించేవి సోడియం, సల్ఫేట్ వంటి లవణాలు. సోడియం ఎక్కువైన నీరు పెడితే బంకనేల కణాలు విడిపోయి, పైన అట్టకట్టి, నీరు వేరుకు అందదు. ఉప్పుకు తట్టుకోలేని అరటి ముందుగా మాడుతుంది. రేడియోధార్మికత మీదే చూపంతా నిలిపితే, పంటకు నష్టం చేస్తున్నది సాధారణ లవణాలేనన్న అవకాశం పరిశీలనకే రాకుండా పోతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. పాండ్‌కు ఎగువన ఒక బోరు, దిగువన ఒక బోరు ఉన్నాయి. రెండింటిలోనూ లీటరుకు 40 మైక్రోగ్రాముల యురేనియం ఉంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 30 కంటే ఎక్కువ, మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60 కంటే తక్కువ. కాబట్టి ఒకే నీటిని ఒకరు కలుషితమనీ మరొకరు సురక్షితమనీ అనగలరు. ఇప్పుడు ఎగువ బోరులో సోడియం ఐదేళ్లుగా ఒకేలా ఉండి, దిగువ బోరులో ఏటా పెరుగుతూ, సల్ఫేట్ కూడా దాని వెంటే పెరుగుతుంటే, యురేనియం అంకె మారకపోయినా అనుమానం పాండ్ మీదికే వెళ్లాలి. రెండు బోర్లలో అన్నీ ఒకేలా ఉండి, గని మొదలు కాకముందు తీసిన నమూనాల్లోనూ అదే యురేనియం కనబడితే సహజ కారణం వైపు మొగ్గాలి. డోలోమైట్‌లో నీరు పగుళ్ల వెంట పోతుంది, అన్ని దిక్కులకూ సమానంగా ఇంకదు. పక్కనున్న బోరు బాగుండి, అర కిలోమీటరు దూరంలోని బోరు పాడవడం అసాధ్యమేమీ కాదు. అందుకని ఒక్కసారి, ఒక్క చోట తీసిన సీసా నీటితో ఏ పక్షం వాదనా రుజువు కాదు. ఏళ్ల తరబడి, అవే బోర్లలో, అవే పరీక్షలు చేసి, అంకెలను గ్రామస్థుల ముందు పెట్టడమే ఈ వివాదానికి దారి చూపుతుందని నా అభిప్రాయం. పరీక్ష చేసేవారిని ఇరుపక్షాలూ నమ్మనంతవరకు ఆ అంకెలు కూడా పనికిరావు.

చోటు చాలనప్పుడు మిగిలిన దారులు

కట్టను బయటివైపుకు పెంచడం లోపలివైపుకు పెంచడం కంటే భద్రం, కానీ మట్టి, భూమి ఎక్కువ పడతాయి. కొత్త పాండ్‌కు సాగుభూమి పోతుంది. బురదలోని ముతక భాగాన్ని వేరుచేసి ఖాళీ అయిన గని గదుల్లో తిరిగి నింపే పద్ధతిని జార్ఖండ్‌లోని జాదుగూడలో పాటిస్తున్నారు. అయితే రాయిని పొడిచేశాక దాని పరిమాణం పెరుగుతుంది కాబట్టి, సన్నని భాగం గనికి పనికిరాదు కాబట్టి, అంతా తిరిగి లోపలికి పట్టదు. బురదను ఫిల్టర్లలో పిండి, తడి మట్టిలా చేసి గుట్టగా పేర్చే పద్ధతి నీటి ఎద్దడి ఉన్న చోట్లకు బాగా నప్పుతుంది. నీరు తిరిగి చేతికొస్తుంది, కట్ట తెగే ప్రమాదం చాలా తగ్గుతుంది. దానికి కరెంటు, యంత్రాల ఖర్చు ఎక్కువ. యురేనియం విషయంలో ఆ గుట్ట నుంచి ధూళి లేవకుండా వెంటనే కప్పుతూ పోవాలి.

గని ఆగిపోయాక పాండ్ పని ఆగదు. పైన బంకమట్టి, దానిపై రాళ్లు, మట్టి పరిచి, వాననీరు నిలవకుండా వాలు ఇచ్చి, లోతుగా వేళ్లు దిగని మొక్కలు పెంచాలి. రేడాన్ నేల పొరల్లోంచి పైకి వచ్చేలోపే చాలావరకు క్షీణించేలా ఆ కప్పు మందం నిర్ణయిస్తారు, దాని అర్ధాయుష్షు 3.8 రోజులే కాబట్టి ఇది సాధ్యం. కానీ కింద ఉన్న రేడియం కొత్త రేడాన్‌ను వేల ఏళ్లపాటు పుట్టిస్తూనే ఉంటుంది. అందువల్ల ఆ కప్పు మీద చిల్లచెట్టు మొలిచినా, వానకు గండి పడినా, ఎవరైనా ఇంటి పునాదికి మట్టి తవ్వుకుపోయినా సరిచేసే మనుషులు, దానికి కేటాయించిన డబ్బు, గని మూతపడిన తర్వాత కూడా ఉండాలి. 2020 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ టెయిలింగ్స్ ప్రమాణం, పాండ్ రూపకల్పన దశలోనే ఈ మూసివేత ప్రణాళిక తయారుకావాలనీ, దిగువనున్న ప్రజలకు ఆ సమాచారం అందాలనీ కోరుతోంది. అది ఐచ్ఛిక ప్రమాణం. మన దగ్గర గనులకిచ్చే పర్యావరణ అనుమతుల ప్రకారం ఆరు నెలలకొకసారి షరతుల అమలు నివేదిక సమర్పించాలి. గార్లాండ్ డ్రెయిన్ ఎప్పుడు శుభ్రం చేశారు, ఊట ఎంత వచ్చింది, దిగువ బోర్లలో సోడియం ఎంతుంది అన్న మూడు అంకెలు అటువంటి నివేదికల్లో తెలుగులో, ఏడాదికేడాది పోల్చుకునేలా ఉంటే, పాండ్ చుట్టూ బతుకుతున్న రైతుకు తన బోరు గురించి ఊహాగానాల మీద ఆధారపడే అవసరం చాలా తగ్గుతుంది.